సందేహం వస్తే కొట్టేయండి

పోటీ పరీక్షల పిల్లలకు నేనిచ్చే సలహా వింటే తోటి మేష్టార్లు తల పట్టుకుంటారు. ఇంగ్లీషు రాసేటప్పుడు క్రియ తర్వాత ఏ ప్రిపోజిషన్ రావాలో తేలకపోతే ఏదీ రాయొద్దు. రాసి ఉంటే కొట్టేయండి.

మన పిల్లల కాగితాలు దిద్దిన వాళ్లకు తెలుస్తుంది, తప్పంతా అక్కర్లేనిది తగిలించడంలోనే ఉంటుందని. 'డిస్కస్డ్ అబౌట్ ది ప్రాబ్లమ్', 'రీచ్డ్ టు పలాస', 'ఎంటర్డ్ ఇంటూ ద రూమ్', 'మ్యారీడ్ విత్ ఎ టీచర్'. సమస్య గురించి, పలాసకు, గదిలోకి, టీచరుతో: మన విభక్తులే ఇంగ్లీషు వేషం కట్టాయి. అబౌట్, టు, ఇంటూ, విత్ కొట్టేయండి, నాలుగూ శుభ్రపడతాయి. (ఒప్పందంలోకి దిగేటప్పుడు మాత్రం ఎంటర్ పక్కన ఇంటూ ఉండాలి.)

"ఏటి మేష్టారూ, మనకి 'కు' ఉంటే వాళ్లకి 'టు' ఉండొద్దా?" అని ఆమదాలవలస కుర్రాడొకడు నిలదీశాడు. ఉండొద్దు నాయనా. రీచ్ అన్న మాటలోనే ఆ 'కు' ఇమిడిపోయింది.

తెలుగుకీ ఇంగ్లీషుకీ సరిగ్గా కుదిరినచోట ఇంకా ఎక్కువ అనుమానించండి. ఒకరి మీద ఆధారపడతాం, డిపెండ్ ఆన్ అంటాం, బాగానే ఉంది. ఆ ధైర్యంతోనే 'నా మీద అరిచాడు' అనడానికి 'షౌటెడ్ ఆన్ మీ' అని రాసేస్తారు. అక్కడ ఎట్ రావాలి.

లిజన్‌కు టు, వెయిట్‌కు ఫర్ అవసరం. కొట్టేత వీటి దగ్గర పనిచేయదు. అలాగని పట్టికలు బట్టీ పట్టకండి, ఎందుకని తర్కించకండి. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో మేష్టరీ చేస్తూ సవర భాష నేర్చుకున్నది సూత్రాల నుంచి కాదు, సవరల నోటి నుంచి. ఆ భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో గానీ అచ్చు కాలేదు. చెవి ముందు, సూత్రం తర్వాత.

వినడానికి ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు దొరక్కపోతే విజయనగరం వైపు చూడండి. 1897లో అచ్చయిన కన్యాశుల్కానికి గురజాడ ముందుమాట ఇంగ్లీషులోనే రాశారు. పాతకాలపు ఇంగ్లీషంటారు, అననివ్వండి. రోజుకో పేరా పైకి చదువుతూ చేత్తో ఎత్తి రాయండి. ప్రతి క్రియనూ దాని పక్కమాటతో కలిపి గీత గీయండి. తర్వాత పుస్తకం మూసి, క్రియలు మాత్రమే వేరే కాగితం మీద పెట్టుకుని పక్కమాటలు నింపండి. తోచకపోతే ఖాళీగానే వదిలేయండి.