పెట్టె పద్యానికి టీకా తాత్పర్యం

తాళ మొకటి వేసి ధైర్యంబు చెందెడి
వానిఁ జూచి నవ్వు బాలుపెన్ను
మూటలోన లేని ముత్యాల హారము
దోచఁ జాల డెట్టి దొంగయైన

అవతారిక: శంషాబాద్‌లో అమెరికా విమానం ఎక్కబోయే కొడుకును “తాళం వేశావా?” అని తండ్రి అడగ్గా, “వేశాను నాన్నా” అని కొడుకు అనగా, తండ్రి ఊపిరి పీల్చుకోగా, పక్క ట్రాలీ మీద చేరగిలబడిన అజ్ఞాత కవి ఆశువుగా చెప్పిన ఆటవెలది ఇది.

టీక. తాళ మొకటి వేసి: ఇది బీరువా తాళం కాదు. ఎర్రటి వజ్రం గుర్తూ, అంకెల చక్రాలూ, ఆ పక్కనే తాళంచెవి దూరే కంతా ఉంటాయి. కొన్నవాడికి ఆ కంతకు తగిన చెవి ఇవ్వరు. అది అమెరికా విమానాశ్రయాల్లో సోదా చేసే టీఎస్ఏ వారి సొత్తు. 2001 దాడుల తర్వాత పుట్టిన ఆ సంస్థ, విమానం అడుగున వెళ్లే పెట్టెలన్నిటినీ పరీక్షిస్తుంది. అనుమానం వస్తే తెరిచి చూసి, లోపల ఒక చీటీ పెట్టి మూస్తుంది. తెరవడానికి వీల్లేని తాళమైతే విరగ్గొట్టే అధికారం దానికుంది. ఇక ఆ మాస్టర్ చెవుల సంగతి: 2014లో వాటి గుత్తి ఫొటో వాషింగ్టన్ పోస్ట్‌లో వచ్చింది. మరుసటి ఏడు, ఆ బొమ్మ ఆధారంగా త్రీడీ ప్రింటర్ మీద చేసుకోగల నమూనాలు ఇంటర్నెట్‌లో అందరికీ దొరికాయి. ‘ఒకటి’ అనడంలో కవికి జాలి ఉన్నదని ఇందుకే అంటాను. ‘తాళ మైదు వేసి’ అని పాఠాంతరం ఉంది. తండ్రులకు ఇష్టమైన పాఠం. గణాలు సరిపోతాయి గానీ జిప్పు ఒకటే కదా.

బాలుపెన్ను: జేబులో ఉండే మామూలు పెన్ను. ఇది నవ్వనేల? జిప్పు పళ్ల మధ్య దాని మొన గుచ్చి నొక్కితే పళ్లు విడిపోతాయి, పెట్టె నోరు తెరుస్తుంది. తాళం మాత్రం జిప్పు కొక్కేలు రెంటినీ పట్టుకుని చెక్కు చెదరక ఉంటుంది. పని ముగిశాక ఆ కొక్కేలను తాళంతో సహా ఈ చివరనుంచి ఆ చివరకు ఒకసారి లాగితే పళ్లు మళ్లీ కలుసుకుంటాయి. తాళం అలాగే ఉంది, జిప్పు అలాగే ఉంది, లోపలి వస్తువు లేదు. ఇంటికెళ్లి అటక మీద పెట్టేదాకా తెలియదు.

ఇక్కడ శిష్యుడి ఆక్షేపణ: “అయితే తాళం దండగా, గురువుగారూ?” కాదు నాయనా. జిప్పు కొక్కేలు పెట్టె గోడకే బిగించిన తాళంలో దిగేట్టుంటే, వాటిని అటూ ఇటూ జరపడం కుదరదు. పెన్నుతో తెరవగలడు, తిరిగి మూయలేడు. జిప్పే లేని, క్లిప్పులతో బిగిసే గట్టి పెట్టెకు ఆ పెన్ను బాధే లేదు. డబ్బు తీసుకుని విమానాశ్రయంలో చుట్టే ప్లాస్టిక్ పొర కూడా ఈ కోవలోదే: కోస్తే కోసినట్టు కనిపిస్తుంది. అయితే సోదా వారూ కోస్తారు, వారు మళ్లీ చుట్టరు.

మూటలోన లేని: పద్యానికి ప్రాణం ఈ మాటే. మొదటి రెండు పాదాలూ దీనికి ముందు వాయించిన డోలు. బంగారం, నగదు, పాస్‌పోర్టు, అసలు సర్టిఫికెట్లు, ల్యాప్‌టాప్, రోజూ వేసుకునే మందులు పెద్దపెట్టెలో పెట్టకూడదు. విలువైన వస్తువులకు పూచీ లేదని విమాన సంస్థలు తమ షరతుల్లో ముందే రాసుకుంటాయి. పవర్ బ్యాంకును ఆ పెట్టెలో పెట్టడానికి నిబంధనలే ఒప్పవు. ఆవకాయ మాత్రం అందులోకే వెళ్లాలి. చేతిసంచిలో పెడితే వంద మిల్లీలీటర్ల నియమం అడ్డొస్తుంది. ఆవకాయ కోసం పెట్టె కోసే దొంగ ఉంటే, ఆ జాడీ వాడికే ధారపోయవచ్చునని నా అభిప్రాయం.

ముత్యాల హారం చేతిసంచిలో పెట్టాం కాబట్టి గండం గడిచిందనుకోరాదు. విమానం నిండిపోతే గేటు దగ్గర ఆ చక్రాల సంచి కూడా లాక్కుని, చీటీ కట్టి కిందికి పంపేస్తారు. అప్పుడు వెనక క్యూ తోస్తుంటే నగల డబ్బా వెతుక్కోవడం నరకం. హారం భుజాన వేలాడే చిన్న సంచిలోనే ఉండాలి.

ఎట్టి దొంగయైన: పొరపాటున మన పెట్టె పట్టుకుపోయే, దొంగ కానివాడు కూడా ఇందులో చేరతాడు. బెల్టు మీద నల్లపెట్టెలన్నీ కవలలే. మనవాళ్లు గుర్తుకు ఎర్ర రిబ్బను కడతారు, అందరూ ఎర్రదే కడతారు. పాత చీర అంచు మేలు. పేరూ ఫోన్ నంబరూ రాసిన కాగితం పెట్టె లోపల కూడా ఒకటి ఉండాలి, పైది ఊడిపోతుంది గనుక. వెనకటి ప్రయాణపు బార్‌కోడ్ చీటీలు పీకేయాలి. 2021లో వచ్చిన ఎయిర్‌ట్యాగ్ పెట్టె ఎక్కడుందో చెబుతుంది గానీ, ఎవరు తెరిచారో చెప్పదు.

తాత్పర్యం: తాళాన్ని నమ్మినవాడు నవ్వులపాలవుతాడు, హారాన్ని వెంట ఉంచుకున్నవాడు నిద్రపోతాడు.

విశేషం: దొంగతనం జరిగాక ఏం చేయాలో కవి చెప్పలేదు. ఇది లోపమే. ఆ లోటు టీకాకారుడే పూరించాలి. పెట్టె మూసేముందు లోపలి సరుకును ఫొటో తీయాలి. అమెరికాలో మొదట దిగిన ఊళ్లో, మరో విమానం ఎక్కవలసినా సరే, సాధారణంగా పెట్టె తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించాలి. దాన్ని తనిఖీ చేయడానికి అది దేవుడిచ్చిన విరామం. ఏదైనా పోయినట్టు కనిపిస్తే పెట్టె తీసుకున్న హాలు దాటకముందే విమాన సంస్థ కౌంటర్లో ఫిర్యాదు నమోదు చేయించాలి. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, దెబ్బతిన్న సామాను గురించి 7 రోజుల్లోగా, ఆలస్యమైతే 21 రోజుల్లోగా రాతపూర్వకంగా అడగాలి. వస్తువు మాయమైనప్పుడు కూడా ఆ 7 రోజుల్లోనే రాయడం క్షేమం. పరిహారానికి గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి మనిషికి 1519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క యూనిట్లు). అంతకంటే విలువైనది ఆ పెట్టెలో తప్పక వెళ్లాలంటే చెకిన్ దగ్గరే విలువ ప్రకటించి, అడిగితే అదనపు రుసుము కట్టవచ్చు. కౌంటర్లో ఇచ్చిన ఫిర్యాదు నంబరును ఫోన్‌లోనూ కాగితం మీదా రెండు చోట్ల రాసుకోవాలి. తర్వాత ఎవరికి ఫోన్ చేసినా మొదట అడిగేది అదే.