ఎర్ర మీట లేని పెట్టె

1990లో ఇంటర్ పాసయ్యానని నాన్న ధాన్యం డబ్బుల్లోంచి వాక్‌మన్‌కు డబ్బిచ్చాడు. చల్లపల్లి సెంటర్లో బస్సెక్కి, కూచిపూడి, పామర్రు మీదుగా బెజవాడ వెళ్లాను. బీసెంట్ రోడ్డు దగ్గరి ఒక కొట్లో, మద్రాసు బర్మా బజారు సరుకంటూ రెండు నా ముందు పెట్టారు. ఒకటి లావుగా ఉంది. పక్కన ఎర్ర మీట, పైన మైకు చిల్లులు. మనం మాట్లాడితే రికార్డు చేస్తుంది. రెండోది పల్చనిది, వినడానికే. దాంట్లో ఆటో రివర్స్ ఉంది, ఒక వైపు అయిపోతే క్యాసెట్ తీసి తిప్పక్కర్లేదు. ధర ఇంచుమించు ఒకటే.

గంటకు పైగా మార్చి మార్చి చూశాను. నడుముకు ఏది బాగుంటుంది, ఇళయరాజా పాటలో బేస్ దేంట్లో బాగా పలుకుతుంది, అన్నీ ఆలోచించాను. ఎర్ర మీట గురించి ఒక్క నిమిషం ఆలోచించలేదు. పల్చనిదే తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చాక నాయనమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని అడిగింది: "ఏరా, మనం పాడితే ఇది పట్టుకుంటుందా?"

"పట్టుకోదు నాయనమ్మా, వినడానికే" అన్నాను. అలా ఎందుకడిగావని అడగలేదు. అడగక్కర్లేదు కూడా, నాకు తెలుసు.

ఆవిడ పుట్టిల్లు నాగాయలంక అవతల, సొర్లగొంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ మీద పడిన రాత్రి అక్కడ మావాళ్లు పదకొండు మంది పోయారు. ఆ పదకొండు పేర్లూ వరసలతో సహా కూర్చి ఆవిడ ఒక పాట కట్టుకుంది. బియ్యం చెరుగుతూ, చేట ఊపుకు తగ్గట్టు పాడుకునేది. పసిపిల్లాడి పేరు దగ్గర చేట ఆగేది. మా ఇంట్లో ఆ పాట వినని రోజు లేదు, అందుకే ఎప్పటికీ ఉంటుందనుకున్నాను.

సోనీ వాళ్లు విలేకరుల కోసం ప్రెస్‌మన్ అని ఒక చిన్న రికార్డరు చేశారట. అందులోంచి రికార్డు చేసే భాగం తీసేసి, స్టీరియో పెట్టి, 1979 జులైలో వాక్‌మన్‌గా అమ్మారు. ఇది చాలా ఏళ్లకు చదివినప్పుడు పుస్తకం మూసేసి కూర్చున్నాను. సోనీ వాళ్లు తీసేసిందాన్ని ఆ కొట్లో పక్కనే పెట్టి చూపించినా నేను వద్దనుకున్నాను.

తప్పంతా పెట్టె మీద తోసెయ్యలేను. రికార్డు చేసే టేప్‌రికార్డర్లు మా వీధిలోనే రెండిళ్లలో ఉండేవి. ఖాళీ క్యాసెట్ ఒకటి కొనుక్కుని, ఒక మధ్యాహ్నం అరువు తెచ్చుకుంటే సరిపోయేది. పదమూడేళ్లు ఆ మధ్యాహ్నం నాకు దొరకలేదు. 2003లో నాయనమ్మ పోయింది. అంతకు రెండేళ్ల ముందే పేర్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

ఇప్పుడు నా జేబులో ఉన్న ఫోనుకు రికార్డు చేసే మీట ఉంది. పోయిన సంక్రాంతికి మా మేనత్త దగ్గర కూర్చుని దాన్ని నొక్కాను. ఆవిడకు బాణీ మొత్తం వచ్చు, పేర్లు నాలుగే గుర్తున్నాయి. పేరు రాని చోట ఆగలేదు. ఆ పేరు పట్టేంతసేపు ఊఁ అని సాగదీసి, తర్వాతి చరణం ఎత్తుకుంది.