సబక్ అప్పజెప్పాలంటే మనిషుండాలిరా

ఏట్రా మనవడా, పడుకుని చెవిలో తీగలు పెట్టుకుని ఖురాన్ నేర్చుకుంటున్నావా? ముందు లేచి కూర్చో. మా రోజుల్లో వజూ చేసుకోకుండా, అంటే ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కోకుండా, ఖురాన్ పెట్టే రెహాల్ ముందుకొస్తే మా గురువు హజ్రత్ మా మొహం కూడా చూసేవారు కాదు.

మమ్మల్ని పొందూరులో పాసింజరెక్కించేవారు. దూసి దాటి ఆమదాలవలసలో దిగి, శ్రీకాకుళం పోయి, మేనత్త ఫుప్పీ ఇంట్లో ఉండి మక్తబ్‌లో, అదే ఖురాన్ బడిలో, చదువుకునేవాళ్లం. గోల్కొండ ఏలుబడిలో ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదున్న ఊరది. ఆ రాళ్లు ఎన్ని రంజాన్ల ఖురాన్ పఠనం విన్నాయో! ఆ ఊళ్లో అలిఫ్, బే అక్షరాలు దిద్దడానికే మాకు నెలలు పట్టేవి. ఇప్పుడేమో ఇన్ని నెలల్లో హిఫ్జ్, అంటే ఖురాన్ కంఠస్థం, పూర్తి అని బోర్డులు కడుతున్నారు. ఎక్కడికిరా అంత పరుగు?

ఖురాన్‌లో ముప్పై పారాలు (భాగాలు), 114 సూరాలు (అధ్యాయాలు), ఆరువేల పైచిలుకు ఆయతులు (వాక్యాలు). తెల్లారగట్ల కొత్త సబక్, అంటే కొత్త పాఠం, అప్పజెప్పాలి. తరవాత ఈమధ్య చదివింది వినిపించాలి. ఆ పైన ఎప్పుడో పూర్తయిన పారాలు వంతులవారీగా తిరగెయ్యాలి. ఈ మూడోది మానేశావా, కంఠానికొచ్చింది కాస్తా జారిపోతుంది. మన పొందూరు నూలు చూడు, వాలుగ చేప దవడతో దూదిని ఓపిగ్గా దువ్వితేగాని ఆ సన్నపోగు రాదు. తొందరపడితే తెగుతుంది. హిఫ్జూ అంతే.

ఇక పలకడం. అయిన్ అక్షరం గొంతు మధ్యలోంచి రావాలి, ఖాఫ్ నాలుక మొదట్లోంచి. మన తెలుగు నోళ్లకి రెండూ కష్టమే. హజ్రత్ ఎదురుగా కూర్చుని మా నోట్లోకే చూసేవారు. మీ ఫోను తప్పని ఎర్రగీత పెడుతుంది సరే, నాలుక ఎక్కడ తగల్లేదో చూస్తుందా? ఖురాన్ పఠించే కైరో ఖారీ మహమూద్ ఖలీల్ అల్ హుస్రీ ఖురాన్ మొత్తం చదివి 1961లో రికార్డు చేయించారు. అది క్యాసెట్లలో మా దాకా వచ్చినప్పుడు హజ్రత్ కూడా కళ్లు మూసుకుని విన్నారు. ఆ గొంతు ఇప్పుడు నీ జేబులో ఉండటం మంచిదే, కాదనను. కానీ నీ తప్పు ఆయనకి వినబడదు కదా!

రంజాన్ రాత్రుల తరావీ నమాజులో చూశావా, ముందు నిలబడి చదివేది ఖురాన్ కంఠస్థం చేసిన హాఫిజే. వెనకాల ఇంకో హాఫిజ్ నిలబడి వింటుంటాడు. ఒక్క మాట తప్పితే వెనకనుంచి అందిస్తాడు. జన్మంతా చదివినవాడికే ఇంకొకరి చెవి కావాలంటే, చివరిదైన అమ్మ పారా దాటని నీకు అక్కర్లేదేటి? యమామా యుద్ధంలో ఎందరో హాఫిజులు పోయాకే గదా, మొదటి ఖలీఫా అబూబకర్ సిద్దీఖ్ గారి హయాంలో ఖురాన్‌ని ఒక్కచోట చేర్చి రాయించారు. అప్పటిదాకా అది ప్రధానంగా మనుషుల గుండెల్లోనే ఉండేది.

మా చదువులో ఒక లోటుంది, చెప్పేస్తాను. మాకు అర్థం ఎవరూ చెప్పలేదు. ఖురాన్‌ని మొట్టమొదట తెలుగులోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావు గారు మన పొందూరు పక్క ఆనందపురంలో పుట్టినవారే. ఆ సంగతి నాకు తల నెరిసేదాకా తెలియలేదు. నువ్వు ఆ లోటు పెట్టుకోకు, అర్థం కూడా చదువు.

రేపు తెల్లారగట్ల ఫజర్ నమాజ్ అయ్యాక నా దగ్గరికి రా. ఫోను ఇంట్లో వదిలేసి రా. అమ్మ పారా గట్టిగా వినిపించు. తప్పు దొరికిందో, మళ్లీ మొదటినుంచే.