కావడి కృత్రిమం, భుజం సహజం

మా ఏడో తరగతివాడి బడిలో పేరెంట్స్ మీటింగు పెట్టి శుభవార్త చెప్పారు. ఇకమీదట హోంవర్కును కృత్రిమ మేధ సమతూకంగా పంచుతుందట. లెక్కల సారు ఇరవై లెక్కలిచ్చిన రోజే సైన్సు మేడమ్ నాలుగు బొమ్మలు గీయమనకుండా అదే కనిపెట్టుకుంటుందట. టై కట్టుకున్న డీన్ గారు తెరమీద ఎరుపు గడుల్ని ఆకుపచ్చగా మార్చి చూపిస్తుంటే మేమంతా చప్పట్లు కొట్టాం. దానికి విడిగా ఫీజుందన్న సంగతి చప్పట్లు ఆగాక చెప్పారు.

అంత మేధ అవసరమైన లెక్కేమిటో చూద్దాం. కేంద్రం 2020లోనే స్కూల్ బ్యాగ్ పాలసీ తెచ్చింది. రెండో తరగతి దాకా హోంవర్కే వద్దంది. మూడు నుంచి ఐదు దాకా వారానికి 2 గంటలు, ఆరు నుంచి ఎనిమిది దాకా రోజుకు గంట, ఆపైన రోజుకు 2 గంటలు మించరాదంది. ఇది అమలు కావడానికి ఓ గోడ గడియారం, వేళ్లమీద కూడిక చాలు. స్టాఫ్‌రూంలో టీ తాగుతూ ‘ఇవాళ మీరేమిచ్చారు మేడమ్?’ అని సారు అడిగితే తీరిపోయేదానికి సర్వర్లు తెచ్చిపెట్టారు.

మావాడికి రోజుకో తీరుగా ఉండే హోంవర్కును యంత్రం ఎంత ముచ్చటగా సర్దిందో! సోమవారం మూడు గంటలు, మంగళవారం మూడు, చివరికి ఆదివారమూ మూడే. ఇదివరకు డ్రిల్లు సారు పుణ్యమా అని బుధవారం ఓ గంట మిగిలేది. వీధిలో క్రికెట్ ఆడేవాడు. అది గుంటలా కనిపించినట్టుంది, ఐఐటీ ఫౌండేషన్ లెక్కలతో పూడ్చేసింది. కావడికి రెండువైపులా సమానంగా సర్దితే ఊగడం తగ్గుతుంది గానీ, భుజం మీద మోత వీసమెత్తు తగ్గదు.

బడిసంచీ బరువు గురించి 1989లోనే రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో మొత్తుకున్నారు. సంచీ మోత కంటే అర్థంకాని చదువు మోతే పెద్దదని 1993లో యశ్‌పాల్ కమిటీ తేల్చింది. గంటలు లెక్కబెట్టే యంత్రానికి ఆ రెండో మోత ఏ గడిలో పడుతుంది?

అయినా బడినొక్కదాన్నే అనడం దేనికి? డైరీ ఖాళీగా వస్తే ‘ఏం చెప్పడం లేదా?’ అని ఫోన్ చేసేది మేమే. హోంవర్కంటే మేం కట్టిన ఫీజుకు రోజువారీ రసీదు.

మావాడు మాత్రం తెలివైనవాడు. యంత్రం ఇచ్చిన పని నా ఫోన్లోని మరో యంత్రంతో చేయించి, బుధవారం మళ్లీ బ్యాటు పట్టాడు. రెండు వారాలు హాయిగా గడిచాయి. మొన్న బడి నుంచి మెసేజ్ వచ్చింది: ‘అభినందనలు! మీ అబ్బాయి పని చకచకా ముగిస్తున్నందున రేపటి నుంచి రోజుకు మరో అరగంట కలుపుతున్నాం.’

పక్కనే ఆకుపచ్చ గడి.