మహలు మూడంతస్తులు... చక్రాలకు మొదటి మెట్టే
తిరుపతి నుంచి పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు చంద్రగిరి రాజమహల్. కట్టె ముక్క వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన మూడంతస్తులు. ఇప్పుడు పురావస్తు శాఖ మ్యూజియం. పైకి మెట్లే దారి. ఆనాటి రాజులకు వీల్‌చెయిర్ తెలీదు, సరే.

తెలిసినవాళ్ల సంగతో? పాత ప్రజా భవనాలను కూడా అయిదేళ్లలో దివ్యాంగులకు అనువుగా మార్చాలంది 2016 దివ్యాంగుల హక్కుల చట్టం. 2017 జూన్‌లో నిబంధనలొచ్చాయి, 2022లో గడువు చెల్లింది. ఆ నిబంధనలు సలహాల్లా ఉన్నాయే గానీ ఆజ్ఞల్లా లేవంటూ 2024 నవంబరులో సుప్రీంకోర్టు వాటిలోని పదిహేనో నిబంధన మొదటి భాగాన్ని కొట్టేసింది.

ర్యాంపు లెక్క తేలికే: అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు. మన ఆఫీసుల ముందు మాత్రం అది జారుడుబల్ల; దానిమీద ఎవరిదో బుల్లెట్టు, సైడ్ స్టాండు వేసి. పార్కింగులో చక్రాల కుర్చీ బొమ్మ మీద సారు ఇన్నోవా.

బొమ్మ కనపడలేదా అంటే, ‘కారు కింద ఉండాది కదన్నా, యాడ కనపడతాది?’ అంటాడు డ్రైవరు.