గర్భిణి మీద కేసు పడితే వినకూడని సలహాలు

మద్దికెరలో ఆడమనిషి మీద కేసు పడిందంటే చాలు, పొద్దుగూకే లోపల అరుగుల మీద సలహాలు మొదలవుతాయి. పొలం గట్టు కొట్లాటలో పేరు రాశారనో, ఇంట్లో కర్ణాటక మందు ప్యాకెట్లు దొరికాయనో కేసు. ఆమె గర్భిణి అయితే ఆ సలహాలు రెండు ప్రాణాల మీదికి తెస్తాయి.

“కడుపుతో ఉండానని చెప్పొద్దు మే, పరువు పోతాది.” అన్నిటికన్నా చెడ్డ సలహా ఇదే. అరెస్టు చేసినప్పుడే చెప్పాలి. 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందుకు తీసుకుపోతారు, అక్కడ మళ్లీ నోరు విప్పి చెప్పాలి, రాయమని అడగాలి. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన తల్లీబిడ్డ కార్డు, స్కానింగ్ రిపోర్టు జిరాక్సు తీయించి వకీలు చేతికివ్వండి. ఎన్నో నెల, రక్తం ఎంతుంది, కాన్పు ఎప్పుడు అన్నీ వాటిలో ఉంటాయి. నాన్ బెయిలబుల్ కేసైనా ఆడవాళ్లకు బెయిలిచ్చే వెసులుబాటు భారతీయ నాగరిక సురక్షా సంహిత 480వ సెక్షన్‌లో ఉంది. కడుపు సంగతి దాచిపెడితే వకీలు దేన్ని చూపించి అడగాలి?

“నేరం ఒప్పేసుకో, కడుపుతో ఉన్నదాన్ని జడ్జి వదిలేస్తాడులే” అనే పెద్దమనుషులూ ఉంటారు. కోర్టులో ఒప్పుకుంటే శిక్ష పడుతుంది. వకీలుతో మాట్లాడకుండా ఆ మాట అనొద్దు.

రాత్రిపూట పోలీసు జీపొస్తే మారుమాట్లాడకుండా ఎక్కమంటారు ఇంకొందరు. పొద్దుగూకినాక, తెల్లారేలోపు ఆడవాళ్లను అరెస్టు చేయాలంటే అసాధారణ కారణం ఉండాలి, మహిళా పోలీసు అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తెచ్చుకోవాలి. ఆ అనుమతి ఉందా అని మర్యాదగా అడగండి. తోపులాటకు మాత్రం దిగొద్దు.

“జైల్లో పుడితే బిడ్డకు బతుకంతా ఆ ముద్రే” అన్నది ఇంకో భయం. మన రాష్ట్రం పేరుతోనే ఉన్న కేసు, ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు అందులో స్పష్టంగా చెప్పింది: గర్భిణిని జైలుకు పంపే ముందే అక్కడ కాన్పు వసతులు ఉన్నాయో లేదో చూడాలి, వీలైనంత వరకు బయటి ఆసుపత్రిలోనే కాన్పు జరగాలి, జైల్లో పుట్టినా జనన పత్రంలో జైలు పేరు రాయకూడదు. ఆరేళ్లు నిండేదాకా బిడ్డ తల్లి దగ్గరే ఉండొచ్చు. ఇంత మంచి తీర్పు కూడా అడిగేవాళ్లు లేకపోతే బీరువాలోనే ఉండిపోతుంది.

వకీలుకు డబ్బుల్లేవని ఊరుకోకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెడతారు. ఆ సాయం అడగాల్సిన నంబరు 15100. ఇప్పుడే ఫోన్లో పెట్టుకోండి, మీ వీధి ఆశా కార్యకర్తకూ చెప్పండి.