కంట్లో నలుసుకు ఓ బహిరంగ లేఖ

నలుసూ,

నీకు ఊరూ లేదు, పేరూ లేదు. ఒకనాడు వరి ఆకు కొసవి, ఇంకోనాడు వడ్ల నూగువి. వెల్డింగ్ షాపు దగ్గర ఇనుప రవ్వవి, బైకు మీద పోతుంటే పురుగు రెక్కవి. కోతలు మొదలయ్యాయంటే కళ్లం చుట్టూ నీదే రాజ్యం. మిషన్ వెనక వడ్లు పట్టేవాళ్లు, తూర్పారబట్టేవాళ్లు, ఊక ఎత్తేవాళ్లు ముక్కుకూ నోటికీ తువ్వాలు చుట్టుకుంటారు. కళ్లు మాత్రం నీకు వదిలేస్తారు.

నిన్ను తిట్టడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అయితే నీ నేరంలో నీ వాటా ఎంతో, నీ భాగస్వాముల వాటా ఎంతో ముందు తేలాలి.

నువ్వు చేసేది చిన్న గీత. నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొరను డాక్టర్లు కార్నియా అంటారు. నడిమధ్యన దాని మందం అర మిల్లీమీటరు. నువ్వు సాధారణంగా గీసేది దాని పైపై చర్మాన్నే. అది ఒకట్రెండు రోజుల్లో తనంతట తానే పూడుకుంటుంది. మంచినీళ్లతో కడిగి, నలపకుండా ఊరుకుంటే చాలామందికి నీ కథ అక్కడితో సరి. కానీ పొలం నుంచి వచ్చేటప్పుడు నువ్వు ఒంటరిగా రావు. ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ అనే బూజు జాతులను వెంటేసుకుని వస్తావు. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో బతికే వాటికి గీత పడని కార్నియాలోకి దారి దొరకడం కష్టం. ఆ దారి తెరిచేది నువ్వే. పైగా కార్నియాలో రక్తనాళాలు ఉండవు. దాని గుండా లోకం కనబడేది అందువల్లే, దెబ్బ తగిలితే ఒంట్లోంచి సాయం ఆలస్యంగా అందేదీ అందువల్లే.

ఇక నీ భాగస్వాములు. మొదటి వరసలో ఉన్నవాళ్లు మంచి మనసున్నవాళ్లు. నాలుకతో నలుసు తీసే ముసలమ్మ, పైటకొంగు కొస మెలిపెట్టి అద్దే వదినమ్మ, ఆముదం చుక్క, చనుబాలు, నందివర్ధనం పూల రసం. వీళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు. డాక్టరు పది కోసుల దూరంలో ఉన్న రోజుల్లో ఉన్నంతలో ఆదుకున్నది వాళ్లే. అయినా, గీత పడ్డ కంట్లోకి నోటి క్రిములు, ఆకు పసరు చేరితే పుండుకు బలం చేకూరినట్టే.

రెండోవాడి మీద మాత్రం నాకు జాలి లేదు. "కన్ను ఎర్రగా ఉందయ్యా, చుక్కలేమైనా ఇవ్వు" అనగానే మందుల షాపు కౌంటరు మీదికి ఓ చిన్న సీసా వస్తుంది. అందులో యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోనో మరో స్టెరాయిడో ఉంటుంది. రెండ్రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, మంట తగ్గుతుంది, షాపువాడి హస్తవాసికి పేరొస్తుంది. తగ్గింది జబ్బు కాదు, జబ్బును ఎదిరించే శక్తి. యాంటీబయాటిక్ బూజును ఏమీ చెయ్యలేదు; ఇక దానికి అడ్డెవరు? ఇవి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందులు. ఆ మాట సీసా మీదే అచ్చేసి ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ.

ఆ తర్వాత పుండు లోతుకు దిగుతుంది. చివరికి కార్నియా అడుగున ఉండే డెసిమెట్ పొర ఒక్కటే మిగులుతుంది. పల్చనిదే గానీ మొండిది. కొన్నాళ్లు నిలబడి, లోపలి ఒత్తిడికి ముందుకు ఉబ్బి, ఏ తుమ్ముకో దగ్గుకో పగిలిపోతుంది. చెంప మీదికి గుప్పున వేడినీళ్లు జారాయని రోగులు చెబుతారు. చాలాసార్లు ఆ వెంటనే నొప్పి తగ్గుతుంది. కన్ను బాగుపడుతోందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి అప్పుడు కారిపోయింది కంటిలోపలి నీరు. కన్ను మెత్తబడిపోతుంది. నల్లగుడ్డుకు రంగునిచ్చే తెర ముందుకు జరిగి, చిల్లుకుండకు పేలిక కుక్కినట్టు ఆ రంధ్రానికి అడ్డుపడుతుంది. మానితే అక్కడ పువ్వు మిగులుతుంది. క్రిములు లోపలికి పోతే కన్నే మిగలకపోవచ్చు.

అన్ని చిల్లులూ నీ లెక్కలోకి రావులే. ముదిరిన కీళ్లవాతం, పిల్లల్లో విటమిన్ ఎ లోపం, కంట్లో చిందిన సున్నం, ముఖ పక్షవాతంతో మూతపడని రెప్ప కూడా అక్కడికి చేర్చగలవు.

నీ పని ముగిసిన చోట డాక్టరు పని మొదలవుతుంది. పసుపు రంగు అద్ది నీలి వెలుతురులో చూస్తే నీరు కారే చోట రంగు విరిగి ధార కడుతుంది. దాన్ని సైడెల్ పరీక్ష అంటారు. చిల్లు రెండు మూడు మిల్లీమీటర్ల లోపుంటే వైద్యానికి పనికొచ్చే సయనోఅక్రిలేట్ జిగురు పెట్టి, పైన కాంటాక్ట్ లెన్స్ వేస్తారు. (ఇంట్లో చెప్పులు అంటించే జిగురు ఇందుకు పనికిరాదు, ఆ ప్రయోగం ఎవరూ చేయొద్దు.) కొన్నిటికి కాన్పులో వచ్చే ఉమ్మనీటి సంచి పొరను మడతలు వేసి అతికిస్తారు. చిల్లు పెద్దదైతే దాత కార్నియా కుట్టాల్సిందే. పుండు మీద వేసే ఆ అతుకు మామూలు మార్పిడి అంత బాగా నిలవదు; చూపు సంగతి తర్వాత, ముందు కన్ను దక్కాలి. బూజుకు నాటమైసిన్ చుక్కలు మొదట్లో గంటగంటకూ, వారాల తరబడి వెయ్యాలి. ఎక్కువగా తమిళనాడులోని అరవింద్ కంటి ఆస్పత్రుల్లో సాగి, 2013లో ఫలితాలు వెలువడ్డ పరీక్షలో కొత్త మందు వోరికొనజోల్ కన్నా ఈ పాత మందే మెరుగని తేలింది. అది వాడిన కళ్లకు చిల్లు ముప్పు కూడా తగ్గింది.

మీ ముఠా ఆట కట్టే దారి నేపాల్‌లోని భక్తపూర్ చూపించింది. అక్కడ నీ గీత పడ్డవాళ్లకు ఊళ్లోనే క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ మూడు రోజులు పెట్టారు. 18 గంటల లోపు మొదలుపెట్టిన 284 మందిలో ఒక్కరికీ పుండు పట్టలేదు. తర్వాత అదే దేశంలో జరిగిన పెద్ద పరీక్షలో అంత తేడా కనబడలేదు. అందుకని ఆయింట్‌మెంట్ ఒక్కటే రక్ష అనను. తొందరపడటంలో మాత్రం నష్టం లేదు.

ఉత్తరం నీ పేరున రాసినా చదివేది మనుషులు కాబట్టి వాళ్లకో మాట. కోతల్లో మామూలు ప్లాస్టిక్ కళ్లజోడైనా పెట్టుకోండి. నలుసు పడి కన్ను ఎర్రబారితే ఆ రోజే కంటి డాక్టరుకు చూపించండి. షాపులో ఇచ్చిన సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ అని ఉంటే కంట్లో వేయకండి. వేడినీళ్లు గుప్పున జారాయా, కంటి మీద దూది పెట్టి అదమకండి. కాగితం కప్పు అడుగు భాగం కోసి, కంటికి తగలకుండా బోర్లించి, ప్లాస్టర్ వేసి, తెల్లారేదాకా ఆగకుండా కార్నియా చూసే ఆస్పత్రికి బయల్దేరండి.